కంటిదాకా రాని కరెంటు

మా బావ కరెంటు పని చేస్తాడు. మా అక్క బట్టల చిరుగులు కనబడకుండా అల్లేది. బట్టలుతికే దుకాణం వెనక గదిలో కిటికీ పక్కన కూర్చుని, కోటు లోపలి మడతలోంచి నాలుగు దారాలు లాగి, సిగరెట్టు కాల్చిన చిల్లును ఆ దారాలతోనే పూడ్చేసేది. అయ్యాక ఎక్కడ కాలిందో కోటు గలాయన కూడా చెప్పలేకపోయేవాడు. దుకాణంలో అందరికీ ఆమె చిరుగులక్క. నాకు మాత్రం ఉత్త అక్క.

ఆ అక్కకి చూపు చుట్టూరా ముడుచుకుపోతూ వచ్చింది. ముందు గడపలు తగిలాయి, తర్వాత తలుపు రెక్కలు, ఆ తర్వాత పక్కన నిలబడ్డ మనుషులు. నడిమధ్యన మాత్రం కాస్త మిగిలింది. సూది మొన, దాని కింద బట్ట. "అదొక్కటి ఉంటే చాల్లే, మనుషుల మొహాలు చూసి ఏం బాగుపడ్డాను గనక!" అని నవ్వేది. కళ్ళ డాక్టరు ఏదీ దాచలేదు. కంటి వెనక పొర క్షీణించే జబ్బట. పోయిన చూపు తిరిగి రాదట. వారానికోసారి సన్నటి కరెంటు పెడితే, మిగిలిన చూపు పోవడం కొందరిలో నెమ్మదించవచ్చు, అందరికీ పనిచేస్తుందని మాటివ్వలేనన్నాడు.

"పెట్టేయండి," అంది అక్క, ఆయన మాట పూర్తికాకముందే.

ఆసుపత్రిలో మొదటిసారి పెట్టినప్పుడు నేను పక్కనే ఉన్నాను. కళ్ళజోడు లాంటి చట్రం, దానికి వెంట్రుకంత తీగ. ఆ తీగ కనుగుడ్డుకి ఆనుతుంది. టెక్నీషియన్ అమ్మాయి మీట తిప్పగానే అక్క గంతేసినంత పని చేసింది. "ఒసేయ్, మిణుకుమిణుకుమంటున్నాయే! అదిగో, పక్కల్లో!" పక్కల్లో వెలుగు చూసి ఎన్నాళ్ళయిందో పాపం. ఇక మిషన్ తీసుకెళ్ళి ఇంట్లోనే పెట్టుకోవచ్చు, ఎవరు పెడతారు అని అడిగిందా అమ్మాయి. మా వెనక నిలబడ్డ బావ ముందుకొచ్చాడు. "నేను ఎలక్ట్రీషియన్నండీ."

"అయితే ఇంకేం!" అందామె. మేమూ అదే అనుకున్నాం.

ప్రతి సెలవు రోజు పొద్దున్నే బావ చేతులు కడుక్కుని, అక్క నుదురు తుడిచి, కళ్ళలో చుక్కలు వేసి, చట్రం పెట్టి, పచ్చ లైటు వెలిగాక "కదలకు" అనేవాడు. అక్క అరగంట సేపు బొమ్మలా కూర్చునేది. మిణుకులు రావట్లేదేమని అడిగితే, "ఇంట్లో పెట్టేది తక్కువ మోతాదు, కనబడదు, దాని పని అది చేస్తుంది," అన్నాడు. కరెంటు సంగతి కరెంటు మనిషికి తెలియదా? పెళ్ళాన్ని కళ్ళలో పెట్టుకుని చూసుకుంటున్నాడని ఇరుగూపొరుగూ ఒకటే మెచ్చుకోలు. ఆ మాటతో మా ఆయన్ని నేనెన్నిసార్లు దెప్పానో!

ఏడాది తిరిగేసరికి అక్క నల్ల కోటు మీద నల్ల దారం పోల్చుకోలేకపోయింది. దుకాణం యజమాని మొహమాటపడుతూనే బొత్తాలు కుట్టే పనికి మార్చాడు. ఆ రోజు అక్క ఏమీ తినలేదు. "నాకే రాసిపెట్టి లేదు. ఆయన చేయాల్సిందంతా చేశారు," అంది. బావ అక్కడే ఉన్నాడు. విన్నాడు కూడా.

తర్వాతి పరీక్షకి బావకి పని తగిలి నేను తోడు వెళ్ళాను. "మిషన్ మోసుకెళ్ళకండి, వాళ్ళు అడగరు," అని మరీమరీ చెప్పాడు. చట్రం పట్టీ వదులైంది, బిగించుకొద్దామని అక్కే దాన్ని వైరుతో సహా సంచిలో పెట్టించింది. పట్టీ బిగించి, సరిచూడటానికి ఆసుపత్రి వైర్లతో కరెంటు పెట్టగానే అక్క నా చెయ్యి గట్టిగా పట్టేసుకుంది. "వచ్చాయే! మిణుకులు వచ్చాయే!"

"ఇంట్లో రావట్లేదా?" అంది టెక్నీషియన్.

"తక్కువ మోతాదు కదమ్మా."

"లేదండీ, అదీ ఇంతే."

ఆమె మా వైరు తీసి చూసింది. మధ్యలో ఒకచోట నల్ల టేపు ఉబ్బెత్తుగా చుట్టి ఉంది. "ఇది మేం చుట్టింది కాదే!" అంది. అక్క చెయ్యి చాపి తీసుకుని వేళ్ళతో తడిమింది. టేపు కొస చిన్నగా మడిచి ఉంది, మళ్ళీ విప్పేటప్పుడు గోటికి దొరకాలని. ఇస్త్రీపెట్టె వైరుకైనా ఫ్యాను వైరుకైనా బావ అలాగే మడుస్తాడు. అక్క వేలు ఆ మడత మీదే ఆగిపోయింది. టేపు విప్పితే లోపల చిన్న తీగ ముక్కొకటి అతికించి ఉంది, కరెంటు కంటిదాకా రాకుండా మధ్యలోనే వెనక్కి పోయేలా. మిషన్‌కి అంతా సవ్యంగానే ఉన్నట్టు లెక్క. పచ్చ లైటు వెలుగుతూనే ఉంటుంది. "ఇన్నాళ్ళూ కంటికి ఏమీ చేరలేదండీ," అందా అమ్మాయి, అక్క వైపు చూడలేక నా వైపు చూస్తూ.

సరిగ్గా పెట్టి ఉంటే చూపు నిలిచేదా అని డాక్టర్ని అడిగాను. ఎవరూ చెప్పలేరన్నాడు. నిలిచేదంటే నోరారా తిట్టుకునేవాళ్ళం, నిలిచేది కాదంటే సరిపెట్టుకునేవాళ్ళం. మాకు ఆ రెండూ లేకుండా పోయాయి.

సాయంత్రం బావ ఇంట్లో అడుగుపెట్టగానే కడిగేద్దామని కూర్చున్నాను. నేను నోరు తెరిచేలోపే అక్క ఆ వైరు అతని ముందు పడేసింది. బావ కుర్చీలో కూలబడ్డాడు. పని నేర్చుకునే రోజుల్లో తోటివాడు తీగకి అంటుకుపోతే తనే కర్రతో కొట్టి విడిపించాడట. అప్పటికే ప్రాణం పోయిందట, కళ్ళు మాత్రం తెరుచుకునే ఉన్నాయట. "నీ కంటికి తీగ ఆనిస్తుంటే వాడి కళ్ళే కనపడ్డాయి. ఈ చేతుల్తో ఆ పని చేయలేకపోయాను," అని ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు. నాకు జాలి కలగలేదు సరికదా, ఒళ్ళు మండిపోయింది. నమ్మించి గొంతు కోసి, పైగా ఏడుపొకటా!

"భయమేస్తోందని ఒక్క ముక్క అంటే, దీని చేత పెట్టించుకునేదాన్ని కదా," అంది అక్క నన్ను చూపిస్తూ.

"చిన్నతనంగా అనిపించింది. ఎలక్ట్రీషియన్నని అందరి ముందూ చెప్పాను కదా."

"అరగంటసేపు రెప్ప కూడా ఆర్పకూడదని బిగుసుకుని కూర్చునేదాన్ని. అప్పుడు నువ్వేం చేసేవాడివి?" పెళ్ళయిన నాటి నుంచి మీరు అని తప్ప పిలవని మనిషి, నువ్వు అంది.

"నీ మొహం చూస్తూ కూర్చునేవాణ్ణి."

"నీకేం, ఎన్నాళ్ళైనా చూస్తావు," అంది అక్క.

ఇప్పుడు నేనే పెడుతున్నాను. మొదట్లో నాకూ భయమేసింది, అయినా పెట్టాను. దుకాణంలో అక్కకి ఇంకా బొత్తాల పనే. మొన్న మిణుకులు మొదలవగానే బావ గడప దగ్గరికొచ్చి నిలబడ్డాడు. "కనబడుతున్నాయా?" అన్నాడు మెల్లగా.

"ఎవరే వచ్చింది?" అనడిగింది అక్క నన్ను. మెట్ల మీద అడుగుల చప్పుడుకే మనిషిని పోల్చేస్తుంది మా అక్క.

"నేనే," అన్నాడు బావ.

అక్క తల తిప్పలేదు. "కరెంటు పనాయనా? మనం పిలవలేదని చెప్పవే."