నా ఎడమకాలు ఊరెళ్ళిన రోజు

ఆ రోజుల్లో నేను వేరు, నా ఒళ్ళు వేరు అనే అనుమానమే నాకు ఉండేది కాదు. ఏడో తరగతితోనే బడికి దణ్ణం పెట్టేసి రాజాంలో సైకిలు షాపులో చేరినవాణ్ణి. చెయ్యంటే నేను, కాలంటే నేను, ఆకలేస్తే మొత్తం నేనే. అరవైల చివర, శృంగవరపుకోట దగ్గర పల్లెలో జరిగిన నా పెళ్ళిచూపుల్లో ఆ ధీమా కాస్తా పోయింది.

అప్పటికే రెండు సంబంధాలు చేజారాయి (నా నోటిదూల వల్లేనని ఇంట్లో అభిప్రాయం). అందుకే మా అక్క మొగుడు, అంటే మా బావ, దారిపొడుగునా ఒకటే పాఠం: "ఒరే, నోరిప్పకు, కదలకు. మఠమేసుకుని బొమ్మలా కూకో." అలాగే కూర్చున్నాను. పెంకుల సందుల్లోంచి ఎండ సన్నగా చాప మీదకు జారుతోంది. పెద్దల మాటలు ఎక్కడో దూరాన తేనెటీగల్లా వినిపిస్తున్నాయి. తలెత్తే ధైర్యం లేక పిల్ల పాదాలే చూశాను. బావ నడవమంటే ఆ పాదాలు గుమ్మం దాకా వెళ్ళి, తొందరేమీ లేనట్టు తిరిగొచ్చాయి. వాటి వెనకాలే నా మనసు తేలిపోయింది. అదే అదనుగా నా ఎడమకాలు కూడా నాకు చెప్పకుండా ఎటో వెళ్ళిపోయింది. తొడ దాకానే నేను. ఆ కింద ఉన్నది ఎవరిదో కాలు. రహస్యంగా గిల్లి చూశాను. గిల్లినట్టు వేళ్ళకు తెలిసింది గానీ కాలికి తెలియలేదు. చిత్రమేమిటంటే, అదీ హాయిగానే ఉంది.

అంతలో పిల్ల మామ్మ గొంతు సవరించుకుంది. "మా పిల్లని నడిపించి సూసినారు. మరి కుర్రోడిని మేం సూడొద్దేటి? లెగు బాబూ, ఓపాలి గుమ్మం దాకా ఎల్లిరా."

నేను లేచాను, కాలు లేవలేదు. మొదటి అడుగు గాల్లో, రెండోది బావ ఒళ్ళో, మూడోది సరాసరి తమలపాకుల పళ్ళెంలో.

"ఓలమ్మో, కుంటోడు!" అంది మామ్మ.

"నిన్నటిదాకా బాగానే నడిసీవోడండి," అన్నాడు బావ, నాకు సాయం చేస్తున్నాననుకుని.

మూడో సంబంధమూ పోయిందనుకుంటుండగా అప్పటికే లోపలికెళ్ళిన పిల్ల తలుపు వెనక కిసుక్కున నవ్వింది. "తిమ్మిరి మామ్మా! నాకూ ఎక్కతాది. బొటనేలు లాగమను, వచ్చేస్తాది."

లాగాను. చీమలబారులా జిలజిలమంటూ కాలు ఇల్లు చేరింది. ఆనక గుమ్మం దాకా ఏమిటి, వీధి చివరిదాకా నడిచి చూపించాను.

ఇప్పుడా కాలు తరచూ ఊరెళ్తోంది. ఆనాడు తలుపు వెనక నవ్విన మా ఆవిడ వచ్చి పక్కన కూర్చుని, బొటనవేలు పట్టుకు లాగుతుంది.

"వచ్చిందేటి?"

"వస్తన్నాది," అంటాను కళ్ళు మూసుకుని.

అది వచ్చి చాలాసేపే అయి ఉంటుంది (ఆ మాట ఆవిడకు చెప్పకండి).