పన్నెండో గుంట

మొన్న మా కోడలు బీరువా సర్దుతూ ఒక చెక్కపళ్లెం బయటికి తీసింది. టేకు చెక్కలో తొలిచిన పన్నెండు గుండ్రటి గుంటలు, పదకొండింట్లో పాత నాణేలు, ఒకటి ఖాళీ. "నాణేలు డబ్బాలో పోసేసి దీంట్లో నా చెవిపోగులు పెట్టుకోనా అత్తయ్యా?" అంది. వద్దన్నాను. పాపం చిన్నబుచ్చుకుంది. ఎందుకు వద్దో చెప్పాలంటే ఆ ఖాళీ గుంట సంగతి చెప్పాలి. అది ఖాళీగా ఉండడానికి నేనన్న ఒక మాట కారణం, ఆ మాట ఇప్పటిదాకా నేనెవరితోనూ చెప్పుకోలేదు.

పళ్లెం మా బాబాయ్‌ది. మైలవరంలో హిస్టరీ పాఠాలు చెప్పేవాడు. యూరప్ రాజుల నాణేలు పోగుచేయడం ఆయనకి పిచ్చి. అందులోనూ అందరు రాజులూ పనికిరారు, మంచం మీద ప్రశాంతంగా పోయినవాళ్లని దగ్గరికి రానిచ్చేవాడు కాదు. ఒక్కో నాణెం కింద ఒక్కో కాగితం ముక్క, దాని మీద ముత్యాల్లాంటి అక్షరాలతో దేశం పేరూ, చావు రకమూ. స్వీడన్ రాజుని ముసుగులేసుకుని ఆడే నాట్యంలో వెనకనించి కాల్చారు. రష్యా చక్రవర్తి మీద వీధిలో బాంబు వేశారు. సెర్బియా రాజునీ రాణినీ చంపి కిటికీలోంచి పారేశారు. ఇవన్నీ ఆయన భోజనాల దగ్గర, వడ్డన మధ్యలో చెప్పేవాడు. ఒకసారి కూతురి పెళ్లిచూపులకొచ్చిన వాళ్లకి కూడా పళ్లెం చూపించి, పోర్చుగల్ రాజుని కొడుకుతో సహా ఎలా చంపారో వివరించి, మా పిన్ని చేత నెల్లాళ్లు తిట్లు తిన్నాడు.

పన్నెండో గుంటలో నాణెం లేదు గానీ కాగితం మాత్రం ఎప్పుడో రాసి పెట్టేశాడు. "ఫ్రాన్సు. తలారి కత్తి." ఆ నాణెం భవానీపురంలో, మా మేనత్త మెడలో ఉండేది. ఆవిడ బాబాయ్‌కి అక్క. బందరులో ఫ్రెంచివాళ్లు వ్యాపారాలు చేసిన రోజుల్లో ఎలా వచ్చిందో, మా నాయనమ్మ కాసులపేరులో లక్ష్మీ కాసుల మధ్య ఆ దొర కాసొకటి చేరింది. పేరు తెంచి పంచినప్పుడు అది అత్తయ్య వాటాకొచ్చింది. పొట్టి గొలుసుకి తగిలించుకుంటే సరిగ్గా గొంతు గుంటలో కూర్చునేది. శుక్రవారం తలంటుకున్నప్పుడల్లా కుంకుడు నురుగుతో రాజుగారికీ స్నానం చేయించేది. పాత నాణేన్ని రుద్దకూడదని బాబాయ్ మొత్తుకునేవాడు. రాజుగారి ముక్కు అరిగిపోయింది, పైగా కంసాలి అతికిన రింగు ఒకటి, పోగుచేసేవాళ్లెవరూ ముట్టుకోరు దాన్ని. అయినా బాబాయ్‌కి అదే కావాలి. "నాణెం మీద ఏ రాజుకైనా తల మెడ దాకానే ఉంటుంది. ఈయన దాన్ని నిజం చేసి చూపించాడమ్మాయ్" అనేవాడు. ఆ రాజు వేషం మార్చుకుని పారిపోతుంటే డబ్బుల మీద బొమ్మ చూసిన మొహమే కదా అని ఎవరో పోల్చుకున్నారట. నాణెం పట్టిచ్చిందని మురిసిపోయేవాడు.

అత్తయ్యకి పిల్లల్లేరు. మావయ్య పోయాక ఒంటరిగానే ఉండేది. ప్రతి ఆదివారం బాబాయ్ మైలవరం నించి బస్సులోనూ, నేను పటమట నించి ఆటోలోనూ వెళ్లేవాళ్లం. ఆయన గుమ్మంలో చెప్పులు విప్పుతుంటేనే అత్తయ్య అందుకునేది. "ఒరేయ్, నా మొహం చూడ్డానికొచ్చావా, మెడ చూడ్డానికొచ్చావా? నేను పోయాక తీసుకుందువు గానిలే." ఆయన నవ్వేవాడు, కానీ చూపు మెడ మీదే ఉండేది. మా ఇంట్లో అదొక పాత సరదా. నాకు మాత్రం ఆ రాసిపెట్టిన కాగితం తలుచుకుంటే అప్పుడప్పుడూ ఒళ్లు జలదరించేది.

ఒక ఆదివారం తిరిగొస్తుంటే, వీధి చివర బాబాయ్ ఆగి మెల్లగా అన్నాడు. "అమ్మాయ్, అక్కయ్య కాసు పక్కకి వాలింది, చూశావా? ఎప్పుడూ తిన్నగా ఉండేది. గొంతు దగ్గర ఏదో ఎత్తుగా ఉన్నట్టుంది."

నేను నవ్వాను. "కాస్త ఆగు బాబాయ్, ఆవిడింకా బతికే ఉంది" అన్నాను.

ఆయన మొహం మాడిపోయింది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఆ తర్వాత వచ్చినప్పుడల్లా టీవీ వంకో, గోడ మీద క్యాలెండర్ వంకో చూస్తూ కూర్చునేవాడు. అత్తయ్య మెడ వంక మాత్రం చూసేవాడు కాదు. ఆవిడ మెడని అంత శ్రద్ధగా చూసే మనిషి ఈ లోకంలో ఆయనొక్కడే, ఆ కళ్లని నేను మూయించాను. ఎండాకాలం వెళ్లింది, వానలూ వెళ్లాయి. అత్తయ్య గొంతు బొంగురుపోతే చల్లటి నీళ్లు తాగావని నేనే కోప్పడ్డాను. ముద్ద దిగడం లేదన్నాక గానీ ఆస్పత్రికి తీసుకెళ్లలేదు. డాక్టరు ఆవిడ గొంతు తడిమి చూసి, మమ్మల్ని బయటికి పిలిచి, "ఇది నెలల కిందటే కనపడి ఉండాలండీ, ఇంట్లో ఎవరూ చూసుకోలేదా?" అన్నాడు. బాబాయ్ తల వంచుకున్నాడు.

ఆపరేషన్‌కి ముందు ఒంటిమీద బంగారం తీసేయమంటే, అత్తయ్య గొలుసు తనే విప్పి బాబాయ్ చేతిలో పెట్టింది. "తీసుకోరా, నీదే. ఇప్పుడన్నా నా మొహం చూడు" అంది. బాబాయ్ చూశాడు. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అత్తయ్య ఇంటికి రాలేదు. పన్నెండో రోజు భోజనాలయ్యాక ఆయన గొలుసు తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. "మరి నీ పళ్లెం?" అంటే, "వద్దమ్మాయ్" అన్నాడు. బతికున్నన్నాళ్లూ ఆ వీధి చివరి మాట గురించి నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. ఆయన పోయాక పళ్లెం నా దగ్గరికొచ్చింది. ఖాళీ గుంటలో ఆ కాగితం అలాగే ఉంది.

గొలుసు నా మెడలో ఉంది. ఇప్పుడు అత్తయ్య వయసే నాదీ. నా మెడ వంక చూసేవాళ్లు ఇంట్లో ఎవరూ లేరు, కోడలు చూసినా మర్యాదకి చెప్పదు. అందుకని రోజూ పొద్దున్నే స్నానం చేసి అద్దం ముందు నిలబడి, ముక్కరిగిన ఆ రాజు తిన్నగా కూర్చున్నాడా లేదా అని నేనే చూసుకుంటాను. ఇవాళ్టికి తిన్నగానే ఉన్నాడు.