తల ఎవరి వాటా

మా మరిదికి తుపాకుల పిచ్చి. జన్మలో ఒక్కసారి కూడా తుపాకీ పట్టుకున్నవాడు కాదు, అది వేరే సంగతి. మా చెల్లెలి మొగుడు, సైబర్‌జయలో కంప్యూటర్ ఉద్యోగం. సుంగై సుమున్ ఊళ్ళో మా ఇంటికి వచ్చినప్పుడల్లా అన్నం కంచం పక్కన ఫోను నిలబెట్టేవాడు. అందులో ఎవరో గడ్డం ఆయన బల్ల మీద తూటాలు పరిచి మాట్లాడుతుంటాడు. ఈమధ్య కొత్తదొకటి వచ్చిందట, తిన్నని గోడల తూటా. మామూలు రైఫిల్ తూటా సాస్ సీసాలాగా మెడ దగ్గర సన్నబడుతుంది. ఇది అడుగు నుంచి మూతి దాకా గొట్టంలా ఒకే తీరు. గుండు బరువు, మరీ దూరం పోదు, దగ్గర్లో ఉన్న పందిని నిలబడ్డచోటే కూలుస్తుంది. ఖాళీ తూటాని తనే బయటికి విసిరేసి ఇంకోటి ఎక్కించుకునే వేట రైఫిళ్ళ కోసమే దాన్ని తయారు చేశారని మా మరిది వర్ణించేవాడు.

ఆ రైఫిల్‌కి మలేసియాలో మనలాంటి వాళ్ళకి లైసెన్సు ఇవ్వరు. ఆ తూటా ఒక్కటి జేబులో దొరికినా జైలే, గోడ తిన్నగా ఉందా వంకరగా ఉందా అని పోలీసులు అడగరు, అని నేను దెప్పేదాన్ని. వాడు నవ్వేవాడు. ఆ నవ్వు మా నాన్నకి పుండు మీద కారం చల్లినట్టుండేది.

మా తాత బాగన్ దాతుక్ కొబ్బరి తోటల్లో కూలీగా బతికి కూలీగా పోయాడు. నాన్న తన కష్టంతో పామాయిల్ తోట సంపాదించాడు. తోటలో పందులు పడుతున్నాయని దరఖాస్తు పెట్టి తుపాకీ తెచ్చుకున్నాడు. నడుం దగ్గర విరిచి ఒక్క తూటా పెట్టుకునే రకం. కాల్చాక మళ్ళీ విరవాలి, ఖాళీది వేలితో లాగాలి, ఇంకోటి దూర్చాలి. అమ్మ బతికున్నప్పుడు, ఆ తుపాకీని తుడిచినంత ప్రేమగా నన్నెప్పుడూ చూడలేదని సణిగేది. ఆమె మాటలో అబద్ధం లేదు.

ఆదివారం పొద్దున్న చుట్టుపక్కల తోటలవాళ్ళు కుక్కలతో కలిసి వేటకి దిగుతారు. మాంసం వచ్చినవాళ్ళందరికీ సమానం, కుక్కని మాత్రమే పంపినవాళ్ళకి కూడా వాటా ఉంటుంది. తల ఒక్కటే పంచరు. మొదటి దెబ్బ ఎవరిదైనా సరే, ప్రాణం తీసినవాడిదే తల. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. గాయపడ్డ పందిని పొదల్లో వదిలెయ్యకూడదు, ఎవరు గాయపరిచారో వాళ్ళే లోపలికి వెళ్ళి చంపాలి. మర్నాడు కలుపుమందు కొట్టే ఆడకూలీలు ఆ చెట్ల వరసల్లోకే దిగుతారు కదా.

నా చిన్నతనమంతా మా ఇంటికి తలలు వచ్చాయి. నాన్న భుజాన మోసుకుని వీధి మధ్యలోంచి నడిచి వచ్చేవాడు, పక్కసందులోంచి రావడం ఆయనకి చేతకాదు. తర్వాత కళ్ళకి మబ్బు కమ్మింది. గుండు పక్కకి పోయిన ప్రతిసారీ తూటా చెమ్మగిల్లిందనేవాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఉండేది, కానీ ఆయన ముందు అనే ధైర్యం ఎవరికుంది. పక్కతోట చైనా ఆయన్ని మేమంతా తౌకే అంటాం, అంటే షావుకారు. ఆయనది ఐదు గుళ్ళ తుపాకీ. తలలు ఆ ఇంటికి వెళ్ళడం మొదలైంది. ఒకసారి మర్యాదకని మాకు ఒక తొడ ఎక్కువ పంపిస్తే నాన్న దాన్ని కుక్కలకి వేశాడు. ఒక్క తల తన భుజం మీద ఇంటికి రావాలి, ఆయనకి కావలసింది అంతే. దాని కోసం రాత్రిళ్ళు పళ్ళు కొరికేవాడు.

అలాంటి మనిషి ముందు మా మరిది కొత్త తూటా పురాణం విప్పాడు. అది ఉంటే మావకి ప్రతి ఆదివారం తలేనన్నాడు. నాన్న చేతిలో చారు గిన్నె ఉంది. అది వెళ్ళి ఫోనుకి తగిలింది, ఫోను వెళ్ళి మా మరిది పళ్ళకి తగిలింది. పెదవి చిట్లి రక్తం అన్నంలో పడింది.

"తెచ్చియ్యగలవేటి? తేలేవు. మరి నోరెందుకురా?" అన్నాడు నాన్న.

పెదవి తుడుచుకుని, రేపు వేటకి నేనూ వస్తాను మావా, అన్నాడు మా మరిది. నాకు ఆశ్చర్యం వేసింది. వీడు పందిని చూస్తే నేను నడిపే స్కూల్‌వ్యాన్ ఎక్కి తలుపు వేసుకుంటాడని లోపల అనుకున్నాను.

మర్నాడు వాళ్ళతో నేనూ వెళ్ళాను. కుక్కలు కాలువ అవతల నుంచి తరిమాయి. కొత్తగా వేసిన పామ్‌మొక్కల మధ్యలోంచి నల్లగా, నా నడుం ఎత్తు మగపంది దూసుకొచ్చింది. మా ఎర్ర కుక్క దాని చెవి పట్టింది. పంది తల ఒక్క విదిలింపు విదిలించేసరికి కుక్క పొట్ట తెరుచుకుంది, పేగులు మట్టిలో ఈడ్చుకుంటూ అది రెండడుగులు వేసి కూలింది. నాన్న కాల్చాడు. పంది వెనక్కాళ్ళ మీద కూర్చుండిపోయి, లేచి, రక్తం చిమ్ముకుంటూ కాలువ గట్టు మీది ఫెర్న్ పొదల్లోకి దూరింది.

నాన్న తుపాకీ విరిచాడు. ఖాళీ తూటా బయటికి రాలేదు. ఈసారి నిజంగానే చెమ్మకి ఉబ్బి గొట్టంలో బిగుసుకుపోయింది. గోటితో లాగాడు, గోరు లేచింది. చాకు మొనతో పెకలించాడు, ఇత్తడి చిరిగింది గానీ కదల్లేదు. అవతలి గట్టు మీంచి తౌకే, నేను రానా అని చెయ్యి ఊపాడు. ఆయన వచ్చి ఒక్క గుండు పేలిస్తే ఆ పూటకి పని అయిపోయేది. నాన్న అరచెయ్యి ఎత్తి, అక్కడే ఉండమన్నాడు. ఎందుకన్నాడో నాకు తెలుసు. తౌకే గుండుకి చస్తే తల తౌకేదే.

ఖాళీ తూటా మీదే తుపాకీ మూసేశాడు.

"నాన్నా, అందులో ఏటీ లేదు. ఒగ్గెయ్" అన్నాను.

"నోర్ముయ్ ఒలే. దాని పని అయిపోనాది, రగతం సూడు" అని పొదల్లోకి దిగాడు.

నాకు ఆయన్ని అక్కడే నరికెయ్యాలన్నంత కోపం వచ్చింది. గెలలు కొట్టే ఉలి నా చేతిలో ఉంది. పొడుగు ఇనప గొట్టం, కొసన అరచెయ్యంత వెడల్పు పదును. అది పట్టుకుని వెనకాలే దిగాను. నా వెనక ఎవరో ఊపిరి పీలుస్తున్నారు, తిరిగి చూస్తే మా మరిది. ముఖం సున్నం కొట్టినట్టుంది, అయినా వస్తున్నాడు.

పంది పారిపోలేదు, కాచుక్కూచుంది. అది లేవడం నేను చూడలేదు, నాన్న వెనక్కి పడడమే చూశాను. తుపాకీ గొట్టం దాని నోట్లో కుక్కబోయాడు. అది గొట్టాన్ని పక్కకి తోసి, తలని కింద నుంచి పైకి ఎత్తింది. ప్యాంటు చిరిగిన చప్పుడు వినిపించింది. మోకాలి మీంచి గజ్జల దాకా తొడ రెండుగా విచ్చుకుంది. ఆయన అరవలేదు, చెవులు పట్టుకుని దాని తలని తన పొట్టకి దూరంగా నెడుతున్నాడు. అది మళ్ళీ మళ్ళీ కుమ్ముతోంది.

ఉలిని దాని ముందుకాలి వెనక గుచ్చాను. ఎముకకి తగిలి జారింది. రెండోసారి నా ఒళ్ళంతా దాని మీద వేసి నొక్కాను, గొట్టం లోపలికి దిగింది, వేడి రక్తం చేతుల మీదికి పొంగింది. అది నా వైపు తిరగబోయింది. లాగి మళ్ళీ పొడిచాను. మెడలో పొడిచాను, కంట్లో పొడిచాను. అది కూలిపోయాక కూడా పొడిచాను. పంది కోసం కాదు, ఆ తల మీద కోపంతో. మా నాన్నని ఖాళీ తుపాకీతో పొదల్లోకి పంపింది ఆ తలే కదా అని దాన్నే పొడిచాను. నిజం చెప్పొద్దూ, సుఖంగా ఉంది.

"సచ్చిపోయినాది వదినా, ఇటు రా" అని మా మరిది పిలిస్తే ఆగాను. వాడు బెల్టు తీసి నాన్న తొడ పైన బిగించి, రెండు పిడికిళ్ళు గాయంలో పెట్టి, మోకాళ్ళ మీద వంగి ఉన్నాడు. స్కూల్‌వ్యాన్‌లో తెలుక్ ఇంతాన్ ఆసుపత్రికి చేరేదాకా ఆ పిడికిళ్ళు తియ్యలేదు. నేను నడుపుతూ, నోరారా ఇద్దర్నీ తిట్టాను. దార్లో నాన్నకి తెలివి వచ్చింది.

"ఎవులు సంపినారు?" అన్నాడు.

"నీ గుండుకే సచ్చింది" అన్నాను.

ఆయన కళ్ళు మూసుకున్నాడు. నమ్మాడేమో అనుకున్నాను.

కాలు నిలిచింది గానీ మోకాలు ఇక వంగదన్నారు. తుపాకీని పోలీసుస్టేషన్‌లో అప్పగించాం. మా మరిది తూటాల వీడియోలు ఇప్పుడు నాన్నకి చూపించడు, నా ఫోనుకి పంపుతున్నాడు. వద్దని చెప్పలేదు, చూస్తున్నాను.

నాన్న ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు తౌకే కారు మా గుమ్మం ముందు ఆగింది. అప్పటిదాకా తలని తన ఫ్రీజర్‌లో దాచి ఉంచాడు పాపం. నాన్న అరుగు మీద కుర్చీలో కూర్చుని, కాలు స్టూలు మీద చాపుకుని ఉన్నాడు. సంచీలో ఏముందో చూడగానే ముఖం విప్పారింది. రెండు చేతులూ చాపాడు.

తౌకే న్యాయం తప్పని మనిషి. ఆ రోజు గట్టు మీంచి అంతా చూశాడు. నాన్నకి నవ్వుతూ తల వంచి పలకరించి, ఆయన్ని దాటుకుని వచ్చి, సంచీని నా చేతుల్లో పెట్టాడు. ఇది నీదమ్మా అని మలయ్‌లో అన్నాడు. గడ్డకట్టిన ఆ బరువుకి నా భుజాలు కిందికి దిగాయి. ఇది మా నాన్నదే అందామని నోరు తెరిచాను. నాన్న చాపిన చేతులు మెల్లిగా ఒళ్ళోకి తీసుకుంటున్నాడు. ఇప్పుడు అబద్ధం ఆడితే తౌకే ముందు ఆయన్ని ఇంకోసారి కింద పడేసినట్టవుతుంది. నోరు మూసుకున్నాను.

సాయంత్రం కొబ్బరి డొక్కల మంట మీద బొచ్చు కాల్చి, గీకి, గొడ్డలితో కొట్టి, చింతపండు వేసి వండాను. ఒక కన్ను లేదు. మెడ దగ్గర నేను పొడిచిన గాట్లు చూస్తూ ముక్కలు చేశాను. నాన్నకి అన్నం పెట్టి, మీద కూర వేశాను. ఆయన చెయ్యి పెట్టలేదు. కూర చల్లారిపోతోంది.

"తిను నాన్నా" అన్నాను.

కంచం నా వైపు జరిపాడు. "ఎవులు సంపినారో ఆలు ముందు తినాల. నువ్వు ముట్టందే నాను ముట్టను."

ఆ కంచంలోంచి ఒక ముక్క తీసి నోట్లో పెట్టుకున్నాను. నమలడానికి చాలాసేపు పట్టింది. మింగేదాకా నన్నే చూస్తూ కూర్చున్నాడు. అప్పుడు కంచం తన వైపు లాక్కుని, వంగని కాలు సర్దుకుని, అన్నం కలుపుకున్నాడు.