వాడి ఫోన్‌కు పోయిన నా సంతకం

ఓటీపీ చెప్పమని ఎవరైనా అడిగితే ఇప్పటికీ నేను ఫోన్ బోర్లా పెట్టేస్తాను. ఆరు అంకెల మీద అంత అసహ్యం ఎందుకని మా ఆయన నవ్వుతాడు. నవ్వనీ. ఆయనకు ఆ గతి పట్టలేదు.

మాది చిట్యాల దగ్గర మగ్గం మీద బతికిన ఇల్లు. బాపు నేసేవాడు, అమ్మ కండెలు చుట్టేది. ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్‌లో రీచార్జి ఒక నెల ఉంటే ఇంకో నెల ఉండేది కాదు. నేను డిగ్రీలో చేరిన ఏడు, ఫీజు సాయానికి దరఖాస్తు పెట్టడానికి బస్టాండు పక్క నెట్ సెంటరుకు వెళ్లాం. సెంటరతను మా వాడకట్టులో అందరికీ చేసినట్టే నాకూ చేశాడు.

“మీ నంబరు ఇయ్యాల ఉంటది, రేపు ఉండది. నాది పెడుతున్న. ఫికర్ చెయ్యకుర్రి,” అన్నాడు.

సంతోషంతో బాపు అతనికి చాయ్ తాగించాడు. దరఖాస్తుకు ఆ నంబరుకు వచ్చే ఓటీపీయే సంతకం. ఆ సంతకాన్ని తీసుకెళ్లి ఇంకొకడి చేతిలో పెట్టి, పైగా చాయ్ కూడా మేమే పోయించామన్నమాట. ఇంత తెలివి ఇంకెవరికైనా ఉంటుందా?

మరుసటి ఏడు మళ్లీ దరఖాస్తు పెట్టాలి. కాలేజీలో కంప్యూటర్ ముందు కూర్చుంటే, ‘ఈ విద్యార్థిని ఇప్పటికే సంతకం చేసింది’ అని వచ్చింది. అదీ షాద్‌నగర్ వైపు నేనెన్నడూ గడప తొక్కని ఏదో కాలేజీలో చదువుతున్నట్టు, అన్నీ చదివి ఒప్పుకున్నట్టు. ఓటీపీ వెళ్లింది సెంటరతని ఫోన్‌కు. లేని పిల్లల్ని ఉన్నట్టు చూపి ఫీజులు మింగేవాళ్లు ఉంటారని మా కాలేజీ గుమస్తా ఆవులిస్తూ చెప్పాడు. అది రద్దయితేనే నా దరఖాస్తు తీసుకుంటారు. తీసుకోకపోతే ఫీజు రాదు, ఫీజు రాకపోతే పరీక్షకు హాల్‌టికెట్ ఇవ్వరు. గడువు ఇంకా మూడు రోజులే ఉంది.

బాపు, నేను నల్లగొండలో ఫీజు సాయం చూసే ఆఫీసుకు పోయాం. అక్కడి మేడం తల ఎత్తకుండానే విన్నది.

“రద్దు చేస్త. గని పొరపాటున నేనే సంతకం చేసిన అని నువ్వు ఆన్‌లైన్ల ఒప్పుకోవాలె.”

“నేను చెయ్యలే మేడం.”

“గా ముచ్చట పోలీసోళ్లకు చెప్పుకో. అది తేలేసరికి నీ పరీక్షలు అయిపోతయి.”

నంబరు మార్చమంటే, దానికీ పాత నంబరుకే ఓటీపీ పోతుందట. దొంగ మీద చెప్పుకోవాలన్నా దొంగనే అడగాలి. థూ.

చీరలో ఒక్క పోగు తప్పిందని తనది కాని తప్పును తన మీద వేస్తే సేటుతో పొద్దంతా కొట్లాడే మనిషి మా బాపు. ఆయన కిటికీ వైపు చూస్తూ, “ఒత్తు బిడ్డా,” అన్నాడు.

కంప్యూటర్‌లో ఒప్పుకుంటున్నట్టు ఒత్తాను. అంకెలు ఆ సెంటరువాడి ఫోన్‌కు పోయాయి. బాపు ఫోన్ చేశాడు. తప్పు మేం నెత్తిన వేసుకుంటే వాడికీ పీడ పోయినట్టే కదా, వెంటనే ఎత్తాడు. ఏదో నములుతూ ఒక్కొక్క అంకె చదివాడు. నేను కొట్టాను. ‘పొరపాటు నాదే’ అన్న మాట కింద నా పేరు పడింది.

“అయిందా? వచ్చే ఏడు గూడ నాకే చెయ్యిర్రి,” అన్నాడు వాడు.

అప్పటిదాకా వాణ్ణి తమ్మీ అని పిలిచిన బాపు, “సరే సారు,” అన్నాడు.

తిరుగు బస్సులో బాపు పక్కన సీటు ఖాళీగానే ఉంది. నేను కూర్చోలేదు. చిట్యాల దాకా నిలబడే వచ్చాను. నా చదువు ఆగకూడదనే వాణ్ణి సారు అన్నాడని తెలుసు. తెలిసీ ఆ రోజు నాకు వాడి మీద కన్నా, ఆ మేడం మీద కన్నా, బాపు మీదే ఎక్కువ రోత పుట్టింది. ఆయన ఒక్కసారి సీటు మీద దుమ్ము దులిపి, నా వైపు చూసి, చెయ్యి వెనక్కు తీసుకున్నాడు.