మెయిల్ వెనకాలే మనిషి

ఉదయం నా కంప్యూటరులో మెయిల్ వచ్చిన చప్పుడు అయ్యేది. దాన్ని తెరిచేలోపే పక్క గదిలో కుర్చీ వెనక్కి జరిగేది. మరుక్షణం ఆ గదిలో పనిచేసే ఆవిడ నా బల్ల దగ్గర ఉండేది.

"మెయిల్ పెట్టానండీ, చూశారా?"

"ఇప్పుడే కదండీ వచ్చింది."

"అయితే నేనే చెప్తాను, ఉండండి."

స్టూలు లాక్కుని కూర్చుని, రాసిందంతా మొదటి నుంచీ నోటితో చెప్పేది. చెప్పేటప్పుడు మెయిల్లో లేని సంగతులు కూడా రెండు మూడు కలిసేవి. అప్పటికి నా చేతిలో పని ఏదైనా ఉంటే అది గోవిందా.

విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర మాది నీళ్ల మోటార్లు అమ్మే కంపెనీ బ్రాంచి. చుట్టుపక్కల ఏ ఊళ్లో మోటారు చెడిపోయినా డీలర్లు, రైతులు ఫోన్ చేసేది ఆవిడకి. ఆవిడ ఆ ఫిర్యాదు రాసి నాకు పంపితే, ఏ పార్టు కావాలో చూసి ఇబ్రహీంపట్నం గోడౌన్ నుంచి పంపించడం నా పని. నాకు కావలసింది మోడల్ నంబరు, ఊరి పేరు, ఏం చెడిపోయింది అన్న ముక్క. ఆ మూడూ ఒక వాక్యంలో పడతాయి.

ఆవిడ మెయిల్ మాత్రం దేవుని దయవల్ల మేమంతా క్షేమంగా ఉన్నామని తలచడంతో మొదలయ్యేది. ఆదివారం చర్చిలో కలిసినవాళ్లని పలకరించినట్టే కంపెనీ మెయిల్లోనూ పలకరించేది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసేది. ఉయ్యూరు అవతల ఒక రైతుకి మోటారు కాలిపోయిందనుకోండి, ఆ రైతు భార్యకి ఈమధ్యే కంటి ఆపరేషన్ అయిందనీ, అందుకని ఆయన పొలం వైపు సరిగా వెళ్లలేదనీ, కరెంటు వచ్చీ పోతూ ఉందనీ, చెరకు తోట వాడుముఖం పట్టిందనీ, ఆయన ఫోన్లో చాలా మర్యాదగా మాట్లాడాడనీ రాసి, మోడల్ నంబరు మరిచిపోయేది. దానికోసం ఇంకో మెయిల్. దాని వెనకాల మళ్లీ తను.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఒకరోజు అననే అన్నాను.

"ఏవండీ, ఆ రైతుగారి ఇంటి సంగతులు గోడౌన్‌లో ఎవరికి కావాలి చెప్పండి? నంబరు ముందు రాయండి చాలు."

ఆవిడ ఏమీ అనుకోలేదు. మర్నాటి నుంచి మోడల్ నంబరు అన్నిటికన్నా పైన, ఎర్ర రంగులో, ఇంత లావు అక్షరాల్లో వచ్చింది. దాని కింద కథ మామూలే.

ఇక సీసీ సంగతి. ప్రతి మెయిలూ మేనేజరు గారికి, గోడౌన్‌కి, గుంటూరు బ్రాంచికి, ఉద్యోగం మానేసి వెళ్లిపోయిన ఒకాయనకి కూడా వెళ్లేది. ఆయన మెయిల్ ఎప్పుడో మూసేశారు. వెళ్లలేదని తిరిగొచ్చిన కబురు కూడా ఆవిడ నాకు చూపించేది. ఆయన పేరు తీసెయ్యమంటే, "తీసేస్తే బాధపడతాడేమోనండీ" అంది. మానేసినవాడికి ఎలా తెలుస్తుందమ్మా అని అడగబోయి, ఆవిడ ముఖం చూసి ఊరుకున్నాను.

మెయిల్ పెట్టాక మళ్లీ రావడం ఎందుకని చాలాసార్లు అడిగాను. ఒకసారి భోజనాల దగ్గర కాస్త గట్టిగానే అడిగాను. అప్పుడు ఆవిడ అన్న మాట ఇది.

"మీ ఇంట్లో పెళ్లైతే కార్డు పోస్టులో పడేసి ఊరుకుంటారా అండీ? ఇంటికెళ్లి నోటితో చెప్పకపోతే ఎవరొస్తారు?"

అదీ నిజమే. మా పెద్దమ్మ గారి అల్లుడు ఒకాయన, కార్డు అందింది గానీ పిలుపు అందలేదని మా తమ్ముడి పెళ్లికి రాలేదు. ఇప్పటికీ మాతో ముభావంగానే ఉంటాడు. మా వైపు బొట్టు పెట్టి పిలుస్తారు, ఆవిడ వాళ్ల వైపు కూర్చుని ప్రార్థన చేసి పిలుస్తారు, ఏదైనా గడప తొక్కి చెప్పాల్సిందే. ఆవిడ లెక్కలో మోటారు ఫిర్యాదు కూడా అలాంటిదే. అయినా పెళ్లి ఒక్కసారి వస్తుంది, ఈవిడ మెయిళ్లు గంటకొకటి వస్తాయి అని మనసులో సణుక్కున్నాను.

ఆవిడ భర్త రైల్వేలో పనిచేసేవారు. ఆయనకి సికింద్రాబాద్ బదిలీ అయింది. సరిగ్గా అప్పుడే మా హెడ్డాఫీసు వాళ్లు ఫిర్యాదులన్నీ ఇక హైదరాబాద్‌లోనే తీసుకుంటామన్నారు. ఆవిడకి కలిసొచ్చింది. గుణదలలో ఉన్న సొంత ఇల్లు అద్దెకిచ్చి వెళ్లిపోయారు. వెళ్లేరోజు అందరికీ వీడ్కోలు మెయిల్ పెట్టి, అందరి బల్లల దగ్గరికీ వచ్చి చెప్పింది. నా దగ్గర మాత్రం స్టూలు లాక్కుని కూర్చుని, ఆ మెయిల్ మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టి మధ్యలోనే లేచి వెళ్లిపోయింది.

మొదట్లో అక్కడినుంచి కూడా పెద్ద మెయిళ్లే వచ్చేవి. వెంటనే ఫోన్ చేసేది. తర్వాత కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఫోన్లెత్తడానికి కొత్తవాళ్లని పెట్టి, ఆవిడని అక్కడే వేరే పనికి మార్చారు. ఆ సాఫ్ట్‌వేర్‌లో గళ్లు ఉంటాయి. ఊరు, మోడల్, సమస్య. నింపి నొక్కితే నాకు చేరిపోతుంది. నేను ఏళ్ల తరబడి కోరుకున్నదంతా అందులో ఉంది. కథ రాయడానికి అందులో చోటు లేదు. ఫోన్లు వారానికొకటి అయ్యాయి, తర్వాత పండక్కో పబ్బానికో అయ్యాయి. ఎవరి తప్పూ కాదు. పనిలో పనిగా మాట్లాడుకోవడం అలవాటైనవాళ్లకి పని తీసేస్తే మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు.

నా పని బాగా తేలికైంది. సాయంత్రం వేళకి ఇంటికి చేరుతున్నాను. కానీ మెయిల్ చప్పుడు కాగానే నా తల దానంతటదే తలుపు వైపు తిరిగేది. ఎవరైనా చూశారేమోనని మెడ నొక్కుకునేదాన్ని.

ఒకసారి చుట్టాల ఇంటికి బందరు బస్సులో వెళ్తుంటే ఉయ్యూరు దగ్గర చెరకు ట్రాక్టర్లు రోడ్డు పక్కన బారులు తీరి ఉన్నాయి. కంటి ఆపరేషన్ చేయించుకున్నావిడ తోట ఎటువైపో, చూపు సరిగా వచ్చిందో లేదో అని ఆలోచన వచ్చింది. పక్క సీట్లో ఉన్న మా ఆయనతో అంటే, "ఎవరావిడ?" అన్నారు. నిజమే, ఎవరావిడ? నేను ఏనాడూ చూడని మనిషి. ఈ దారిలో ప్రతి ఊళ్లోనూ నాకు అలాంటివాళ్లు ఒకరో ఇద్దరో ఉన్నారు. వాళ్ల గురించి మాట్లాడుకోవడానికి ఉన్న ఒక్క మనిషీ హైదరాబాద్‌లో ఉంది. పామర్రు వచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాను. ఆవిడ మీద అంత బెంగ ఉందని నాకు అప్పుడే తెలిసింది.

ఈమధ్య డీలర్లు గోల పెట్టారు. హైదరాబాద్‌లో ఫోన్ ఎత్తేవాళ్లకి నాగాయలంక ఎక్కడో తెలియదు, కాలవ చివరి పొలానికి నీళ్లు అందకపోతే ఎంత తొందరో తెలియదు. చివరికి హెడ్డాఫీసు వాళ్లు విజయవాడలో మళ్లీ ఒక మనిషిని పెట్టుకోమన్నారు. మేనేజరు గారు నన్ను పిలిచి, "ఆవిడనే అడుగుదామండీ, వాళ్లాయన కూడా రిటైరయ్యారట కదా, సొంత ఇల్లు ఎలాగూ ఇక్కడే ఉంది" అన్నారు. నా ముందే మెయిల్ రాసి, నాకు సీసీ పెట్టారు.

ఫోన్ చేద్దామని చాలాసార్లు చేతిలోకి తీసుకున్నాను. నేను అడిగితే కాదనలేక ఒప్పుకుంటుందేమో, తనంతట తను రావాలి అనుకుని ఆగాను. కానీ నా మనసు ఆగలేదు. పక్క గదిలో పేరుకున్న పాత అట్టపెట్టెలు తీయించాను. ఫ్యాను బాగుచేయించాను. ఇంట్లో కూర వండుతూ, ఇది ఆవిడకి నచ్చుతుంది, వచ్చాక తీసుకెళ్లాలి అనుకునేదాన్ని. జవాబు కోసం కళ్లు కాయలు కాశాయి.

జవాబు ఒక మధ్యాహ్నం వచ్చింది. పైన విషయం ఏమిటో స్పష్టంగా ఉంది. లోపల చక్కటి ఇంగ్లీషులో మూడు వాక్యాలు. ఇచ్చిన అవకాశానికి కృతజ్ఞతలు. కుటుంబ కారణాల వల్ల విజయవాడ రాలేను. ఈ పనికి దయచేసి వేరొకరిని చూసుకోగలరు. కింద పేరు. సీసీలో నేనొక్కదాన్నే.

కింద ఇంకేమైనా ఉందేమోనని జరిపి చూశాను. ఖాళీ. మళ్లీ పైకి వెళ్లి చదివాను. ముక్కూ ముఖం తెలియని రైతు భార్య కంటి గురించి అంత పొడుగు రాసిన మనిషి, తన ఇంటి సంగతి రెండు మాటల్లో తేల్చేసింది. రానన్నందుకు కలిగిన బాధ ఒకటైతే, ఈ రెండు మాటలు చూసి పుట్టిన భయం ఇంకొకటి.

మేనేజరు గారు గదిలోంచి వచ్చి, "చూశారా, హైదరాబాద్ వెళ్లాక ఎంత చక్కగా రాస్తోందో" అన్నారు. ఆయన మంచివారే. ఆ నిమిషంలో మాత్రం ఆయన మీద చెప్పలేనంత ఒళ్లు మండింది.

మెట్ల దగ్గరికి వెళ్లి ఫోన్ చేశాను. చాలాసేపు మోగాక ఎత్తింది.

"బాగున్నారా అండీ?" అంది. గొంతు అదే.

"ఎక్కడున్నారు?"

"బయట ఉన్నానండీ."

ఆవిడ వెనకాల మైకులో ఎవరో డయాలసిస్ వాళ్లని పేరు పెట్టి లోపలికి పిలుస్తున్నారు. రెండో పేరు ఆవిడ భర్తది. నేను మెట్టు మీద కూర్చున్నాను. ఆవిడే చెబుతుందేమోనని చూశాను. విజయవాడలో ఎండలెలా ఉన్నాయని అడిగింది. మామూలేనన్నాను.

"ఇంట్లో అంతా ఎలా ఉన్నారండీ?" అన్నాను చివరికి. "ఏమైంది?"

మైకులో ఇంకో పేరు పిలిచారు.

"మెయిల్లో రాశాను కదండీ," అంది.

ఆవిడ ఆ మాట కసిరినట్టు అనలేదు, తప్పించుకున్నట్టూ అనలేదు. ఇంక చెప్పే ఓపిక లేనివాళ్లు అన్నట్టు అంది. లోపలికి వెళ్లాలండీ, మళ్లీ చేస్తాను అంది. సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక కూడా మెట్ల మీదే కూర్చుండిపోయాను.

మర్నాడు ఆదివారం. తెల్లవారుజామునే హైదరాబాద్ బస్సెక్కాను. ఏ ఆసుపత్రో తెలియదు, ఇల్లు ఎక్కడో వెళ్లిన కొత్తలో ఇచ్చిన అడ్రసు తప్ప తెలియదు. వెళ్లి ఏం చెబుతానో కూడా తెలియదు. ఆవిడ చెబితే వినాలని ఉంది. ఎంత పొడుగైనా సరే, మొదటి నుంచీ.