బొట్టు పెట్టిన ప్రొజెక్టర్

మాది గాజువాక. కిందటేడు దసరాకు ఇంట్లో బండికీ, మిక్సీకీ, చివరికి మామగారి పాత సినిమా ప్రొజెక్టర్‌కీ కుంకుమ పెట్టాను. యంత్రం పనిచేసే చోటే బొట్టుండాలన్నది మా వర్క్‌షాపు అలవాటు.

భోజనాలయ్యాక కిటికీలకు దుప్పట్లు కట్టి, మామగారు ఎప్పుడో తీసిన రీలు వేశాం. నా భార్యకు ఊహ తెలియకముందే పోయిన మా అత్తగారు కదులుతూ కనిపించేది అందులోనే. తీరా వేస్తే బొమ్మ ఒకటే గెంతడం. లెన్సు వెనక ఫిలింని పట్టి ఉంచే చిన్న తలుపును వేలితో నొక్కాను. బొమ్మ కుదురుకుంది. వేలు తీస్తే మళ్లీ గెంతింది.

“యేలు తియ్యకు బావా, అమ్మ నడుత్తంది,” అన్నాడు బావమరిది.

ఇక ఇరుక్కుపోయాను. ఆపి చూద్దామంటే, బల్బు మళ్లీ వెలుగుతుందో లేదోనని ఎవరూ ఒప్పుకోలేదు. ఆ బల్బు వేడికే వేలు చుర్రుమంటోంది. బొమ్మ పడే గోడవైపు వీపు తిప్పి ప్రొజెక్టర్ మీదికి వంగి ఉన్నాను కాబట్టి బొమ్మ నాకు కనబడదు. ఎదురుగా కూర్చున్న నా భార్య ముఖం మాత్రం కనబడుతోంది. అది చూశాక వేలు తీయబుద్ధి కాలేదు.

“ఇంకెంతుంది మావయ్యా?”

“ఏటో బాబూ, సూడనీ.”

రీలయ్యాక ఆ తలుపు తీస్తే, అది సరిగ్గా మూసుకోకుండా లోపల గడ్డకట్టిన కుంకుమ. పెట్టింది నేనే. గుట్టుగా తుడిచేద్దామనుకునేలోగా మామగారు చూసేశారు. తిడతారని తల దించుకున్నాను. ఆయన నా వేలి మీది బొబ్బ చూసి, తన కండువాతోనే ఆ కుంకుమ తుడిచారు.

“మళ్లీ ఎయ్యి బాబూ. ఈసారి నువ్వు కూడా కూకుని సూడు,” అన్నారు.

ఈ ఏడు బొట్టు ప్రొజెక్టర్ పైమూత మీదే పెట్టాను.