ఒంగోలు కొండ మీద పెద్ద డ్యూప్లెక్సర్

1986 వేసవిలో నన్ను గుంటూరు నుంచి ఒంగోలుకు వైర్‌లెస్ అసిస్టెంట్ ఇంజనీరుగా వేశారు. కరెంటు లైన్ల పనికోసం కొండ మీద యూహెచ్‌ఎఫ్ రిపీటర్ పెట్టడం నాకు అప్పగించిన మొదటి పని. పత్తి, మిరప చేలల్లో స్తంభాలెక్కే లైన్‌మన్ చేతి సెట్టుకు బలం తక్కువ. దాని మాటను రిపీటర్ అందుకుని, అదే క్షణంలో వేరే ఫ్రీక్వెన్సీ మీద సబ్‌స్టేషన్‌కు పంపాలి. ఒకే యాంటెన్నాతో వినడం, పలకడం రెండూ జరగాలంటే మధ్యలో డ్యూప్లెక్సర్ కావాలి. అది లేకపోతే రిపీటర్ తన గొంతుకు తానే చెవిటిదైపోతుంది.

మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు రాఘవరావు గారు టిఫిన్ డబ్బా అంతటి నాచ్ రకాన్ని ఎంచారు. అది సిగ్నల్‌ను తక్కువ తింటుంది. నేను అడిగింది పెద్ద లోహపు డబ్బాలతో చేసిన బరువైన కేవిటీ రకం. చిన్నది మా సొంత ట్రాన్స్‌మిటర్‌ను మాత్రమే అడ్డుకోగలదు. అదే టవర్ మీద ఇంకో శాఖ సెట్టు కూడా ఉంది. దాని జోరును ఆపేది పెద్దదే.

“ఏమ్మా సునీతా, ఇంత బరువు కొండెక్కించాలా?” అన్నారాయన.

“రెండూ బిగించి విందామండీ. తర్వాత మీరెట్లా చెబితే అట్లా,” అన్నాను.

లైన్‌మన్ దానియేలు గారిని జీపులో కొత్తపట్నం వైపు పంపాం. జీపు పక్కన నిలబడి “సప్లై ఇవ్వద్దండీ” అని చెబుతూ ఉండమన్నాను. మొదట చిన్నది బిగించి, కొండ మీద టవర్ గదిలోనే స్పీకర్ దగ్గర కూర్చున్నాం. మాట బాగానే వచ్చింది. ఇంతలో పక్క శాఖ సెట్టు పలికింది. స్పీకర్లో మధ్య అక్షరం ఎగిరిపోయి “సప్లై ఇవ్వ... ండీ” అని వినిపించింది.

రాఘవరావు గారు కుర్చీలోంచి లేచారు. “మనిషి స్తంభం మీదుంటే ఏమయ్యేదమ్మా?” అన్నారు.

పెద్దదాన్ని మిట్టమధ్యాహ్నపు ఎండలోనే ట్యూన్ చేశాను. వేడికి లోహం సాగి ఫ్రీక్వెన్సీ పక్కకు జరుగుతుందేమోనన్న అనుమానం అక్కడే తీరాలి. చేతులు కాలాయి గానీ, పెట్టిన ట్యూనింగ్ పక్కకు కదల్లేదు. ఈసారి పక్క సెట్టు ఎంత పలికినా దానియేలు గారి మాటలో ఒక్క అక్షరం పోలేదు.

“పెద్దదే ఉంచు. ఎంచింది నువ్వని రిపోర్టులో నేనే రాస్తా,” అన్నారాయన. రాశారు కూడా. నా సర్వీసులో నేను గర్వంగా చెప్పుకునే రిపోర్టు అదే.

డ్యూప్లెక్సర్ ఎంచేవారు ముందుగా ఆ టవర్ మీద ఇంకెవరు పలుకుతున్నారో తెలుసుకోవాలి. ఆ తర్వాత ఏ ఊరికి బదిలీ అయినా, కేటలాగు తెరిచే ముందు నేను కొండెక్కి చూసేదాన్ని.